కుడితి గోలెంలో చేపల చెరువు

ఖమ్మం జిల్లా పల్లెల్లో పాత ఇళ్ల దొడ్డివైపు వెళ్తే గోడవారగా ఒక సిమెంటు గోలెం కనిపిస్తుంది. కొందరు గాబు అంటారు, కొందరు తొట్టి అంటారు. కొట్టంలో ఎడ్లు, బర్రెలు ఉన్నన్నాళ్లూ దానికి ఖాళీ ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు, కూరగాయల తొక్కలు అన్నీ కుడితిగా అందులోకే వెళ్లేవి. పొలం నుంచి తిరిగొచ్చిన పశువు ముందు ఆ గోలెంలో మూతి పెట్టి, ఆ తర్వాతే గడ్డి వైపు చూసేది. ట్రాక్టర్లు వచ్చాయి, ఎడ్లు తగ్గాయి. 2019 నాటి పశుగణనలో దేశవాళీ గోజాతి పశువుల సంఖ్య 2012తో పోలిస్తే 6 శాతం తగ్గినట్టు తేలింది. కొట్టం ఖాళీ అయిన ఇళ్లలో గోలెం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరూ పారేయరు, పగలగొట్టరు. వానలు పడగానే అందులో నీళ్లు నిలుస్తాయి, వారం తిరిగేసరికి దోమపిల్లలు గిలగిలలాడుతుంటాయి.

ఆ గోలేన్ని శుభ్రం చేసి వసారాలోనో, ముందుగదిలోనో పెట్టుకుంటే చక్కటి చేపల చెరువు అవుతుంది. అమెరికాలో ఇది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అక్కడి పశువుల క్షేత్రాల్లో నీళ్లు తాగడానికి జింకు పూత పూసిన గుండ్రటి ఇనుప తొట్లు, గట్టి ప్లాస్టిక్ తొట్లు వాడతారు. రైతుల సామాను అమ్మే దుకాణాల్లో అవి దొరుకుతాయి. 8 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న తొట్టిలో దాదాపు 2,600 లీటర్ల నీళ్లు పడతాయి. చలికాలం గడ్డకట్టే చలికి పెరట్లో చేపలు బతకని చోట్ల వాటిని ఇంట్లోకి తెచ్చి ఇలాంటి తొట్లలో ఉంచుతారు. ఖమ్మం, భద్రాచలం వైపు ఇబ్బంది చలితో కాదు, ఎండతో. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం 45 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తాయి. ఆరుబయట పెట్టిన గోలెంలో మధ్యాహ్నానికి నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి. అందుకే ఇక్కడ చేపల తొట్టి ఇంటి నీడలో ఉండాలి.

కాగిన నీటిలో చేపకు మొదట కరువయ్యేది ప్రాణవాయువు. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడు లోపుకు దిగుతుంది. వేడి పెరిగేకొద్దీ చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి గాలి అవసరం ఎక్కువవుతుంది, నీటిలో ఉన్న గాలి మాత్రం తగ్గిపోతుంది. తొట్టి పెట్టడానికి పెంకుటింటి వసారా, మట్టిగోడల గది, మండువా లోగిలి ఉంటే ఇంకా మంచిది. రేకుల షెడ్డు కింద పెడితే ఆరుబయట పెట్టినదానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు.

అద్దాల అక్వేరియం ఉండగా గోలెం ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. రెండడుగుల పొడవున్న మామూలు అక్వేరియంలో 60 లీటర్ల లోపే నీళ్లు పడతాయి. బావికి వాడే సిమెంటు వర 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నది తీసుకుంటే ఒక్కదానిలోనే 200 లీటర్లు పడతాయి. మూడు వరలు ఒకదానిపై ఒకటి పేర్చి, అడుగున గచ్చు వేసి, అతుకులు సిమెంటుతో మూస్తే 600 లీటర్ల చెరువు తయారు. నీళ్లు ఎక్కువగా ఉంటే వేడి నెమ్మదిగా మారుతుంది, మురికి పలచబడుతుంది, చిన్న పొరపాటుకు చేపలు చచ్చిపోవు. కొత్తగా చేపలు పెంచాలనుకునేవారు చిన్న తొట్టితో మొదలుపెడితే సులువనుకుంటారు. నిజానికి చిన్న తొట్టిని కాపాడుకోవడమే కష్టం. పిడికెడు మేత ఎక్కువైతే 60 లీటర్ల నీళ్లు ఒక్కరోజులో పాడవుతాయి, 600 లీటర్లు తట్టుకుంటాయి.

చోటు నిర్ణయించేటప్పుడు బరువు లెక్క వేయాలి. లీటరు నీళ్లు కిలో. మూడు వరల గోలెంలో నీళ్లే 600 కిలోలు, పైన సిమెంటు బరువు. ఆ మొత్తం చదరపు మీటరు కూడా లేని చోట ఆనుతుంది. ఇళ్ల పైఅంతస్తుల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కన కడతారు. పశువులకు కట్టే పొడుగాటి తొట్టి 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుతో ఉంటే అందులో 1,700 లీటర్లు పడతాయి, అంటే నీళ్లే 1.7 టన్నులు. కాబట్టి నీటి తొట్టి కింది అంతస్తులోనే, గట్టిగా దిమ్మిస కొట్టిన గచ్చుమీదనే ఉండాలి. డాబా మీద, మిద్దె మీద వద్దు.

ఊరి బయట ఉపాధి హామీ పథకం కింద కట్టిన పశువుల నీటి తొట్లు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో చాలాచోట్ల ఉన్నాయి. వేసవిలో నింపేవారు లేక కొన్ని ఎండిపోయి కనిపిస్తాయి. ఎండినవే కదా అని వాటిని చేపలకు వాడుకోవాలనుకోవడం సరికాదు. అవి మేతకు వెళ్లే మందల కోసం, అడవి అంచున తిరిగే పశువుల కోసం కట్టినవి. వాటిలో నీళ్లు నింపించుకోవాలి. ఇక్కడ చెబుతున్నది ఇంటి సొంత గోలెం సంగతి.

పాత గోలేన్ని వాడే ముందు దాని చరిత్ర తెలుసుకోవాలి. ఖమ్మం మిర్చికి, పత్తికి పేరున్న ప్రాంతం. పురుగుమందు కొట్టి వచ్చిన స్ప్రేయర్‌ను దొడ్డిలో తొట్టి దగ్గరే కడగడం చాలా ఇళ్లలో అలవాటు. పశువులకు గోమార్లు పట్టినప్పుడు ఒంటికి రాసే మందుల్లో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి ఉంటాయి. మనిషికీ పశువుకూ పెద్దగా హాని చెయ్యని మోతాదు చేపకు ప్రాణాంతకం. పైరెత్రాయిడ్లు అనే ఈ మందుల కుటుంబం చేపల నాడుల మీద ఎంత తీవ్రంగా పనిచేస్తుందంటే, లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాములో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ ఉన్నా చాలు, అవి చచ్చిపోవచ్చు. అలాంటి మందులు తగిలిన తొట్టిని కడిగి వాడటం కంటే వదిలేయడం మేలు. పురుగుమందుల డ్రమ్మును కోసి తొట్టి చేయాలన్న ఆలోచన అసలే వద్దు. గదిలో దోమలకు కొట్టే స్ప్రేలలోనూ ఇదే జాతి మందులు ఉంటాయి. తొట్టి ఉన్న గదిలో వాటిని కొట్టకూడదు.

ఉత్త కుడితి గోలెం అయితే భయం లేదు. అడుగున పేరుకున్న జిగురు గీకి, దొడ్డుప్పుతో తోమి, రెండు మూడు సార్లు కడిగి ఎండలో ఆరబెడితే చాలు. సబ్బు, ఫినాయిలు వాడవద్దు.

కొత్త సిమెంటు తొట్టికి ఇంకో ఇబ్బంది ఉంది. సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి క్షారగుణాన్ని పెంచుతుంది. పీహెచ్ 11 దాటడం మామూలే. ఆ నీటిలో వేసిన చేప మొప్పలు కాలిపోతాయి. తొట్టి నిండా నీళ్లు పెట్టి నాలుగైదు రోజులకోసారి పారబోస్తూ రెండు మూడు వారాలు నానబెట్టాలి. అరటి బోదెను ముక్కలుగా కోసి ఆ నీటిలో వేసి కుళ్లనివ్వడం పల్లెల్లో ఉన్న పద్ధతి. కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు సున్నాన్ని విరుస్తాయి. చివరకు అక్వేరియం దుకాణంలో దొరికే పీహెచ్ పట్టీతో చూసి, 8 దగ్గర నిలిచిందంటే తొట్టి సిద్ధమైనట్టు. జింకు పూత ఉన్న రేకు తొట్టి అయితే లోపల చెరువులకు వాడే మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచాలి. జింకు నీటిలోకి దిగి చేపలకు విషమవుతుంది. రాగి కూడా అంతే. రాగి బిందె నీళ్లు మనుషులకు మంచివని చేపల తొట్టిలో రాగి చెంబు వేసి ఉంచేవాళ్లున్నారు, అది చేపలకు కీడు చేస్తుంది.

ఇక నీళ్లు. ఖమ్మం వైపు ఇళ్లకు పాలేరు జలాశయం నుంచి శుద్ధి చేసిన మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి. అందులో క్లోరిన్ ఉంటుంది. మనకు రక్షణ ఇచ్చే ఆ క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నల్లా నీటిని తొట్టిలో పట్టి గాలి పంపు నడుపుతూ రెండు రోజులు వదిలేస్తే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది. తొందరగా కావాలంటే హైపో అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ వాడతారు. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కానీ, భూమి లోపలి నుంచి వచ్చిన ఆ నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. దాన్నీ ఒక రోజు గాలి కొట్టించాకే వాడాలి. వాగు నీళ్లు తేటగా కనిపించినా వాటితో పాటు పరాన్నజీవులు, చేపపేలు, నీటిపురుగుల గుడ్లు ఇంట్లోకి వస్తాయి.

నీళ్లు నింపగానే చేపలు తెచ్చి వేయడం దాదాపు అందరూ చేసే పని. వారం పది రోజుల్లో చేపలు ఒక్కొక్కటే తేలిపోతాయి. నీళ్లు చూస్తే తేటగానే ఉంటాయి. దుకాణంవాళ్లు జబ్బు చేపలు ఇచ్చారని తిట్టుకుంటారు. అసలు కారణం కంటికి కనిపించదు.

చేప మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతుంది. తినక మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే పుడుతుంది. చెరువులో, ఏట్లో దీన్ని తినే సూక్ష్మజీవులు మట్టికీ, రాళ్లకూ, ఆకులకూ అంటిపెట్టుకుని కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఒక జాతి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది చేప రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్‌ను మోసే శక్తిని పోగొడుతుంది. ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత మోతాదు వరకు హాని చేయదు, పైగా మొక్కలకు ఎరువు. కొత్త తొట్టిలో ఈ రెండు జాతులూ ఉండవు. అవి గాలిలోంచి, నీటిలోంచి వచ్చి స్థిరపడి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకోవడానికి చెంచాడు పాత పెరుగు కావాలన్నట్టు, ఇప్పటికే బాగా నడుస్తున్న ఒక తొట్టి నుంచి గుప్పెడు గులకరాళ్లో, పాత స్పాంజి ముక్కో తెచ్చి వేస్తే ఆ గడువు బాగా తగ్గుతుంది.

తొట్టి పెట్టేవారు అర్థం చేసుకోవలసిన అసలు సంగతి ఇదే. ముందు పెంచవలసింది చేపలను కాదు, బ్యాక్టీరియాను. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ, పంపు నడుపుతూ నెలరోజులు ఆగితే నీళ్లు చేపలకు అనువుగా తయారవుతాయి. ఆగలేనివారు రెండు మూడు చిన్న చేపలతో మొదలుపెట్టి, మేత బాగా తగ్గించి, రెండు రోజులకోసారి కొంత నీరు మార్చుకుంటూ రావచ్చు. అమ్మోనియా, నైట్రైట్ కొలిచే చుక్కల మందు కిట్లు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. ఒక్క కిట్ కొని వాడినవారికి తొట్టిలో ఏం జరుగుతోందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

సిమెంటు సున్నం సంగతి ఇక్కడ మళ్లీ ముందుకొస్తుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే విషం. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే ఏడు పాళ్లు దాటుతుంది. 9కి చేరితే దాదాపు 45 పాళ్లు. అదే తొట్టి, అవే చేపలు, అంతే మురికి, అయినా సరిగ్గా నానబెట్టని సిమెంటు వల్ల పీహెచ్ 8 నుంచి 9కి పెరిగితే విషం దాదాపు ఆరు రెట్లు అవుతుందన్నమాట. రెండు మూడు వారాలు నానబెట్టడం దండగ అనుకునేవారు ఈ లెక్క చూడాలి.

బ్యాక్టీరియాకు ఇల్లు కావాలి. 20 లీటర్ల రంగు డబ్బాను బాగా కడిగి, అడుగున పాత్రలు తోమే నైలాన్ పీచు, పైన గులకరాళ్లు, అన్నిటికన్నా మీద స్పాంజి పేర్చితే వడపోత సిద్ధం. తొట్టి అడుగు నుంచి చిన్న నీటి పంపు నీళ్లను డబ్బాలోకి ఎక్కిస్తుంది, వడకట్టిన నీళ్లు ధారగా మళ్లీ తొట్టిలో పడతాయి. ఆ ధార పడేటప్పుడే నీటిలో గాలి కలుస్తుంది. 600 లీటర్ల తొట్టికి గంటకు 600 లీటర్లు తోడే పంపు సరిపోతుంది. 25 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడిచినా నెలకు 18 యూనిట్లే కాలుతుంది. వడపోతను కడగవలసి వస్తే తొట్టి నీళ్లతోనే కడగాలి. నల్లా కింద పెట్టి కడిగితే నెలరోజులు కష్టపడి పెంచిన బ్యాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది.

కరెంటు పోతే ఏమిటి? వేసవి గాలిదుమారాలకు, వానాకాలం చెట్లు కూలి తీగలు తెగినప్పుడు అడవి అంచు ఊళ్లలో గంటల తరబడి కరెంటు ఉండదు. తొట్టిలో చేపలు తక్కువగా ఉంటే కొన్ని గంటలు ఏమీ కాదు. ఎక్కువగా కుక్కితే తెల్లవారేసరికి నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి, అదీ లేకపోతే చెంబుతో నీళ్లు తోడి పైనుంచి పోస్తూ ఉండాలి. నీళ్ల దగ్గర కరెంటు గనక ప్లగ్గు తొట్టికన్నా ఎత్తులో ఉండాలి, తీగ కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా కట్టాలి. అప్పుడు తీగ వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోదు. ఎర్తింగ్, లీకేజీకి కరెంటు ఆపేసే బ్రేకరు తప్పనిసరి. నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో తొట్టి మీద ఇనుప జాలీ మూత ఉండాల్సిందే. రెండడుగుల నీరు పసిబిడ్డకు ప్రమాదం.

బయోఫ్లాక్ అనే పద్ధతి పేరు ఈ మధ్య ఊళ్లలోనూ వినపడుతోంది. గుండ్రటి టార్పాలిన్ తొట్లలో చేపలను కిక్కిరిసేలా పెంచి, మురికినే సూక్ష్మజీవుల ముద్దలుగా మార్చి మళ్లీ మేతగా తినిపించే విద్య అది. గాలి పంపు ఆగితే కొద్ది గంటల్లోనే మొత్తం పోతుంది. రోజూ కొలతలు, బెల్లం పాకం లెక్కలు తప్పవు. ఆదాయం కోసం శిక్షణ తీసుకుని చేసే పని అది, వసారాలో గోలెం పెట్టుకునేవారికి కాదు.

ఏ చేపలు వేయాలన్నది ఆసక్తికరమైన ప్రశ్న. చాలామందికి ముందు గుర్తొచ్చేవి బొచ్చె, రవ్వ. ఇవి చెరువు చేపలు, ఏడాదిలో కిలో దాకా పెరుగుతాయి. గోలెంలో వేస్తే పెరగక, తిరగడానికి చోటు లేక గోడలకు కొట్టుకుంటాయి. రంగుల కోయి చేపలూ అంతే. చిన్నప్పుడు ముద్దుగా ఉంటాయి, పెద్దయ్యాక రెండడుగులు దాటుతాయి, వేల లీటర్ల నీళ్లు అడుగుతాయి. బంగారు చేప మాత్రం గోలేనికి నప్పుతుంది. చైనాలో వెయ్యేళ్ల కిందటి నుంచి పెంపకంలో ఉన్న జాతి ఇది. పింగాణీ తొట్లలో పైనుంచి చూసి మురిసేందుకే తరతరాలుగా దాని రంగునూ తోకనూ తీర్చిదిద్దారు. పక్కనుంచి కాక పైనుంచి చూసే గోలెం దానికి అసలైన చోటు. 600 లీటర్లకు ఎనిమిది పది చాలు. చిన్నవి కావాలనుకుంటే గప్పీలు, మోలీలు వేసుకోవచ్చు.

కొర్రమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అది. చేపల బజారులో తక్కినవన్నీ మంచు మీద పడుకుంటే, ఇది మాత్రం టబ్బులో జానెడు నీళ్లలో బతికే ఉంటుంది, బతికి ఉన్నందుకే ధర ఎక్కువ పలుకుతుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఆస్తమాకని మందుతో పాటు మింగించేదీ బతికున్న కొర్రమీను పిల్లనే. అంత మొండి ప్రాణానికి కారణం దాని తలలో మొప్పల పైన ఉండే అర. నీటి పైకొచ్చి నోటితో గాలి పీల్చి ఆ అరలో నింపుకుంటుంది. అందువల్ల గాలి తక్కువున్న బురద నీటిలోనూ బతుకుతుంది. కానీ పైకి రానీయకుండా తొట్టిని అంచుదాకా నింపి గట్టి మూత బిగిస్తే, చేప అయి ఉండి కూడా నీటిలో ఊపిరాడక చస్తుంది. నీటి మట్టానికీ జాలీకీ మధ్య జానెడు ఖాళీ ఉంచాలి. జాలీ లేకుండా వదిలితే వాన కురిసిన రాత్రి ఎగిరి బయటపడి, తడి నేల మీద పాకుతూ వీధిలోకి పోతుంది.

కొర్రమీను మాంసాహారి, తనకన్నా చిన్నదాన్ని తనజాతిదైనా మింగేస్తుంది. ఒకే సైజు పిల్లలను వేయాలి, ఒకటి రెండు వేగంగా పెరిగితే వాటిని వేరుచేయాలి. తల్లిదండ్రులుగా మాత్రం వాటిని మించినవి తక్కువ. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ముద్దగా తిరుగుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. కుంటల దగ్గర పెరిగినవారందరికీ ఆ దృశ్యం తెలుసు. ఇంటి గోలెంలో గుడ్లు పెట్టే దాకా రావడం అరుదు, పెంచి కూరకు తీసుకోవడానికి అయితే పది చేపలు చాలు. తాబేలును వేస్తే ఇంటికి మంచిదన్న నమ్మకం కొందరికి ఉంది. మన చెరువుల్లోని తాబేళ్లను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను పెంచడం దేశమంతటా నిషిద్ధం, ఉన్నచోట నాశనం చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది.

భద్రాచలం ఏజెన్సీకి చేపల తొట్టి ఇంకో మేలు చేస్తుంది. మలేరియా, డెంగీ జ్వరాలు అక్కడ ఏటా వానాకాలం పలకరిస్తాయి. డెంగీ దోమ మురుగుకాలువల్లో కాదు, ఇంట్లో నిలవున్న మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. మూత లేని గోలేలు దానికి పుట్టిళ్లు. గప్పీ, గంబూషియా అనే చిటికెన వేలంత చేపలు దోమపిల్లలను ఏరి తింటాయి. 1983లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో రసాయనాలకు బదులు చేపలతో, నీటి నిల్వలు తొలగించడంతో మలేరియాను అదుపు చేసే ప్రయత్నం మొదలైంది. గంబూషియా మన దేశానికి 1928లో ఇటలీ నుంచి వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కోటి దాకా గంబూషియాలను నీటి వనరుల్లో వదిలారు. దాని మీద అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి, వాటిలో న్యాయం ఉంది. దోమపిల్లలతో పాటు నాటు చేపల గుడ్లనూ, కప్ప పిల్లలనూ తినేసే ఈ చేపను ప్రపంచంలోని అత్యంత హానికర చొరబాటు జాతుల వందలో ఒకటిగా ఐయూసీఎన్ నిపుణులు చేర్చారు. గోడల మధ్య గోలెంలో దోమలకు కాపలాగా గప్పీలు మంచివే. వాగులో వదలడానికి మాత్రం గప్పీ కూడా మంచిది కాదు.

అడవి అంచున ఉండేవారు ఈ మాటను పట్టించుకోవాలి. అక్వేరియం గాజును నాకి శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. పెద్దదై అడుగు దాటాక, దాన్ని చంపలేక, ఉంచుకోలేక జనం చెరువుల్లో వదిలారు. ఒంటినిండా ఎముక పలకలతో, ముళ్లతో ఉండే ఆ చేపను తినేది లేదు, కొనేవారు లేరు. అది వలలు చింపుతుంది, గట్లు తవ్వుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల మత్స్యకారులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లను పట్టి తూర్పు కనుమల జలాశయాల్లో దాని వ్యాప్తిని గుర్తించారు. మొసళ్లకు నెలవైన కిన్నెరసాని అభయారణ్యం, గోదావరి, తాలిపేరు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి, తొట్టి చేపలు వాటిలోకి చేరకూడదు.

ఎవరూ కావాలని వదలకపోయినా వరద వదిలేస్తుంది. 1986లో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల ఇళ్లలోకి వచ్చింది. అలాంటి చోట ఆరుబయటి తొట్టిలో ఉన్నవన్నీ ఏటి పాలవుతాయి. పల్లపు వీధుల్లో ఉన్నవారు తొట్టిని ఇంట్లోనే పెట్టుకుని, జాలీ బిగించి, వరద హెచ్చరిక రాగానే చేపలను మూత ఉన్న బకెట్లలోకి మార్చి మిట్టకు చేర్చాలి. గోదావరి 43 అడుగులకు చేరగానే భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది. 53 అడుగుల మూడో హెచ్చరిక దాకా ఆగనక్కర్లేదు.

రోజువారీ చాకిరీ తక్కువే. రెండు పూటలా ఐదు నిమిషాల్లో తినేసేంత తేలే గుళికల మేత వేస్తే చాలు. గుడి కోనేట్లో వేసినట్టు బొరుగులు, అన్నం మెతుకులు వేస్తే అవి ఉబ్బి అడుగున కుళ్లుతాయి. తవుడు, వేరుశనగ చెక్క పెద్ద చెరువులకు బాగుంటాయి, తొట్టి నీటిని మాత్రం పాడుచేస్తాయి. వారానికోసారి ఆరో వంతు నీళ్లు పైపుతో అడుగు నుంచి లాగి, అంతే కొత్త నీరు కలపాలి. లాగిన నీళ్లు నత్రజనితో నిండి ఉంటాయి. కరివేపాకు, పాలకూర, గోంగూర మొక్కలకు పోస్తే వారంలో తేడా కనిపిస్తుంది. తొట్టి అంచున మనీప్లాంట్ తీగ వేళ్లు నీటిలో మునిగేలా పెడితే నైట్రేట్‌ను అదే లాగేసుకుంటుంది. చేపలు నీరసంగా ఉండి నైట్రైట్ పెరిగినట్టు కనిపిస్తే లీటరుకు ఒక గ్రాము లెక్కన, అంటే 600 లీటర్లకు 600 గ్రాముల దొడ్డుప్పు కరిగించి పోస్తే ఉప్పులోని క్లోరైడ్ ఆ విషాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. కొత్తగా తెచ్చిన చేపలను రెండు వారాలు వేరే టబ్బులో ఉంచి చూశాకే పెద్ద తొట్టిలో కలపాలి.

సరదా కాస్త ఉపాధిగా మారాలనుకుంటే దారి ఉంది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల పెంపకానికి 3 లక్షల రూపాయల యూనిట్ ఉంది, నీటిని తిప్పి వాడే చిన్న పెరటి యూనిట్‌కు 50 వేలు. జనరల్ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం రాయితీ. ఏజెన్సీలోని గిరిజన మహిళా సంఘాలు అడగవలసిన పథకం ఇది. కూసుమంచి మండలం పాలేరులో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, వైరాలో ప్రభుత్వ చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం ఉంది. రాయితీ వివరాలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో చెబుతారు. చేపపిల్లలు జులై నుంచి సెప్టెంబరు దాకా పుష్కలంగా దొరుకుతాయి. మృగశిర కార్తె వెళ్లగానే గోలెం కడిగి, నానబెట్టి, నీళ్లు నింపి పంపు వేసినవారికి ఆగస్టు నాటికి బ్యాక్టీరియా కుదురుకుంటుంది, పిల్లలు వేసుకోవడానికి అది సరైన అదను.